ముత్యముల సేద్యము

స్వాతికార్తెలో కురిసిన చినుకు సముద్రమున నోరు తెఱచియున్న చిప్పలో బడినచో ముత్యమగునని మనలో వినని వారుండరు. చిన్ననాట మా నాయనగారు మాకు భర్తృహరి నీతిశతకము చెప్పుచు, కాలిన యినుము మీది నీటిబొట్టు పేరులేక నశించుననియు, తామరాకు మీదిది ముత్యమువలె గనబడుననియు, శుక్తిలో బడినది ముత్యమే యగుననియు విడమఱచి, సహవాసమును బట్టి గుణము కలుగునని బోధించెడివారు. ఆ నీతియందు మాకు నేటికిని సందేహము లేదు. కాని గత మార్గశిరమున జపాను దేశమునందు ముత్యపుచిప్పలను పెంచు ఒక కుటుంబమువారి తెప్పలమీద నిలిచి చూచి వచ్చినది మొదలు, పిల్లలకు ఆ చినుకు కథ చెప్పబోయినపుడెల్ల మాకు మాట కొంచెము తడబడుచున్నది.

మా తమ్ముడు నగోయా పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. వారింట కొన్నాళ్లుండి వచ్చుటకు పోయినపుడు ఈ యాత్ర తటస్థించినది. మా మఱదలికి ఆ దేశభాష చక్కగా వచ్చును; ఆమెయే లేనిచో మేము చూచినది సగమును, తెలిసికొన్నది శూన్యమును అయియుండెడిది. నగోయా నుండి దక్షిణముగా షిమా ద్వీపకల్పమునకు విద్యుత్తు రైలు పోవును. దారిలో ఇసే క్షేత్రము. అచట సూర్యుని స్త్రీరూపమున అమతెరాసు అను పేర కొలిచెదరు. ఆ ఆలయమును ఇరువది యేండ్లకొకమారు క్రొత్తగా కట్టుదురు. దానిని గూర్చి వ్రాయదొరకొన్నచో మాకు ముత్యముల మాట మిగులదు గనుక, తిన్నగా తోబా యను రేవుపట్టణమున దిగుదము.

తోబాలో ఒడ్డునకు వంతెనతో కలిపిన చిన్న ద్వీపమొకటి కలదు. పూర్వము దాని పేరు ఓజిమా. ఇప్పుడు మికిమోటో ముత్యాల ద్వీపమందురు. 1858లో ఆ యూర గోధుమపిండి సేమ్యాలు వండి యమ్ముకొను ఇంట మికిమోటో కోకిచి పుట్టెను. ఆ సముద్రమున సహజముగా నుండు అకోయా జాతి చిప్పలు మితిమీఱిన వేటచే తఱుగుచుండగా, వానిని పెంచవలెనని యెంచి అతడు 1888లో సమీపముననే యున్న అగో అఖాతమున పని మొదలిడెను. 1892లో 'ఎఱ్ఱపోటు' వచ్చినది. అనగా కంటికి కానరాని సూక్ష్మజీవులు ఒక్కుమ్మడిగా పెరిగి నీరు రంగు మాఱుట. అట్టి నీటిలో చిప్పలు బ్రదుకవు. అగో అఖాతములోని పెంపకము నాశమాయెను. ఈ చిన్న ద్వీపము చెంత నుంచినవి మాత్రము దక్కినవి. 1893 జూలై 11వ తేదీన కోకిచియు భార్యయు వానిని పైకి తీసి తెఱచి చూడగా, ఒకదానిలో చిప్పనంటి సగము గుండ్రనైన ముత్యము కనబడినది.

ఆ భార్యపేరు ఉమే. మన ఉమాదేవి పేరువలె వినబడినను, వారి భాషలో అది శీతకాలము చివర పూయు ఒక చెట్టుపేరు. మగడు అప్పులపాలై సముద్రమున తిరుగుచుండగా అంగడిని, ఐదుగురు బిడ్డలను కనిపెట్టుకొన్నది ఆమె. 1896లో ఆ పద్ధతికి ప్రభుత్వపు హక్కుపత్రము లభించినది. ఆ యేడే ముప్పదిరెండేండ్లకు ఉమే కన్నుమూసినది. పూర్తిగా గుండ్రని ముత్యమును ఆమె చూడలేదు. 1905లో మఱల ఎఱ్ఱపోటు వచ్చి లక్షలకొలది చిప్పలు చచ్చినపుడు, ఆ చచ్చినవానిని ఒక్కొక్కటే తెఱచి వెదకుచుండగా గుండ్రని ముత్యములు దొఱకెనని చెప్పుదురు. నేడు లోకమంతట నడచు గుండ్రని ముత్యముల పద్ధతికి మూలమైన కృషిచేసినవారు కోకిచి యల్లుడు నిషికావా తోకిచియు, వడ్రంగియైన మిసె తాత్సుహేయు. ద్వీపమున కోకిచి విగ్రహము ఠీవిగా నిలిచియున్నది. దానిచెంత అందఱు ఛాయాచిత్రములు తీయించుకొనుచుండగా, మాకు మాత్రము ఉమేను గూర్చి యింకను తెలిసికొనవలెనని యుండెను.

ఆ ద్వీపముననే నీటమునుగు స్త్రీలను చూచితిమి. వారిని 'అమ' యందురు. ఆ మాటను వ్రాయు అక్షరములకు సముద్రస్త్రీ యని యర్థమట. తలకు తెల్లనిగుడ్డ చుట్టి, తెల్లని దుస్తులతో వారు చలిగాలిలో పడవ నుండి నీటిలోనికి దిగిరి. మేము రెండు శాలువలు కప్పుకొని వణకుచుంటిమి. ఒక్కొక్కమారు ఊపిరి బిగబట్టి ఇంచుమించు ఒక్క నిమిషము లోపల నుందురు. పైకి వచ్చి విడుచు ఊపిరి ఈలవలె, సన్నగా, కొంచెము దీనముగా వినబడును. అది పాటయని మేము మొదట భ్రమసితిమి. తల గుడ్డమీద ఒక నక్షత్రపు గుఱుతు కుట్టుకొందురు. ఎత్తిన చేయి దింపక ఒకే గీతతో వ్రాసి మొదలిడిన చోటనే ముగించు గుఱుతు గనుక, మునిగినవారు బయలుదేరినచోటికే తిరిగి వత్తురని వారి నమ్మకము. మనము గుమ్మమున ముగ్గు వేయుచు చుక్కచుట్టు గీతను కలుపకుండ విడువము గదా!

పూర్వము సముద్రపుటడుగున చిప్పలు ఏరి తెచ్చుట, లోన గింజ పెట్టిన తరువాత వానిని మఱల అడుగున పఱచుట, ఎఱ్ఱపోటు వచ్చినపుడు మంచినీటి దిక్కునకు చేర్చుట, ఇదంతయు ఈ స్త్రీల పనియే. ఇప్పుడు చిప్పలను తొట్లలో పుట్టించి, తెప్పలకు వ్రేలాడగట్టి పెంచుచున్నారు గనుక ముత్యముల పనికి వారితో అవసరము లేదు. ద్వీపమున మునుగుట చూపఱకొఱకు. బయటి గ్రామములలో మాత్రము వీరి సోదరీమణులు సముద్రపు గుల్లలకై నేటికిని మునుగుచునేయున్నారు. తోబా, షిమా ప్రాంతములలో 1949లో ఆఱువేలకు పైగా నున్నవారు 2017 నాటికి ఏడువందలకు లోబడిరి. వారిలో అఱువదియేండ్లు దాటినవారే యెక్కువ. ఆ 2017లోనే ప్రభుత్వమువారు వారి విద్యను జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించిరి. చేయువారు కరవగునప్పుడే పనికి గౌరవము వచ్చుట ఒక్క జపానులోని వింత కాదు.

ఇక చిప్పలో ముత్యము ఎట్లు పుట్టించెదరో అచటి ప్రదర్శనశాలలో ఒక యువతి చేసి చూపినది. రెండు మూడేండ్ల యీడుగల చిప్పను, అరచేతిలో ఇముడునంతటిదానిని, చిన్న పట్టెడలో బిగించినది. దాని నోరు మూసికొనకుండ మేకువంటి ముక్క నొకటి అడ్డముంచినది. సన్నని కత్తితో లోని మాంసమున చిన్న గాటుపెట్టి, అండములుండు భాగమువఱకు దారిచేసి, అందొక తెల్లని గుండ్రని గింజను జార్చినది. ఆ గింజ రాయి కాదు. అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతపు మంచినీటి ఆల్చిప్పలను కోసి నునుపుచేసినది. దానిని తాకునట్లు, ఇంకొక చిప్పనుండి కోసిన మాంసపు తునక నొకటి చేర్చినది. ఈ తునకయే అసలు రహస్యము. ప్రతి చిప్పలోను గుల్లను ఆనుకొని పలుచని మాంసపు పొర యుండును. గుల్లకు మెఱుపుపూత పూయునది అదియే. ఆ పొరలోని తునక గింజచుట్టు సంచివలె పెరిగి, తనకు తెలిసిన ఆ పూతనే గింజమీద పూయుచుండును. సున్నము, దానిని అతుకు జీవపదార్థము కలిసిన అతిసన్నని పొరలు వేలకొలది యొకదానిమీద నొకటి పడగా, వెలుతురు వానిలో దూరి వెనుకకు తిరిగి ఆ చంద్రకాంతి పుట్టును. తునక నిచ్చిన చిప్పకు ప్రాణము పోవును. గింజను పొందిన చిప్ప గాయముతో బ్రదుకవలెను.

ఇసుకరేణువు లోన దూఱగా బాధ తాళలేక చిప్ప ముత్యము చేయునని పాఠములలో చదివితిమి. అదియు పూర్తి సత్యము కాదట. స్వాతిచినుకును కాదు, ఇసుకరేణువును కాదు. గాయమున చిక్కుకొన్న ఆ పొరకణములే ముత్యమునకు తల్లి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఏనుగు, పాము, వెదురు, మేఘము మున్నగు ఎనిమిదింటినుండి ముత్యములు కలుగునని చెప్పెను. కౌటిల్యుడు శుక్తిని, శంఖమును పేర్కొని, తామ్రపర్ణి, పాండ్యకవాటము మొదలగు ముత్యముల తావులను లెక్కించెను. కోశాగారము లెక్కలు చూచువాడు గనుక కౌటిల్యునకు మేఘముతో పని లేకపోయినది కాబోలు.

మఱునాటి యుదయము రైలు కడపటి స్టేషనగు కాషికోజిమాలో దిగితిమి. అగో అఖాతము తిన్నని తీరము కాదు. చేతివ్రేళ్లవలె భూమి నీటిలోనికిని, నీరు భూమిలోనికిని చొచ్చుకొనిపోయి యుండును; నడుమ చిన్న చిన్న ద్వీపములు, వానిమీద నల్లని దేవదారువంటి చెట్లు. అల యన్నది లేదు. ఆ నిశ్చలపు నీటిమీద దూలములు కట్టిన తెప్పలు, మన యూళ్లలో వరిమళ్లవలె, చదరములుగా పఱచుకొనియున్నవి. ఒక వృద్ధదంపతుల పెంపకమునకు మా తమ్ముని స్నేహితుడు ముందే వర్తమానము పంపియుండెను. ఒక చిన్నపడవలో మమ్ము కొనిపోయిరి. నీటిమీద స్తంభములపై కట్టిన కొయ్యపాక వారి పనిచోటు. మా మఱదలు ఇంటియామెను 'ఒకాసన్', అనగా అమ్మగారూ, అని పిలిచినది. డెబ్బదియేండ్లకు తక్కువ ఉండవు. రబ్బరు తొడుగులు తీసి, మోకరించి, వంగి మాకు నమస్కరించినది.

శీతకాలముననే ముత్యములు తీయుదురు. నీరు చల్లబడినకొలది పూత సన్నబడి మెఱుపు హెచ్చునట. వసంతమునుండి వేసవి వఱకు గింజలు పెట్టుట. ఆపైన సంవత్సరమో, అంతకు మించియో పెంపుడు. ఈ పెంపుడే పెద్దపని. గింజపెట్టుటకు ముందు చిప్పలను ఇఱుకైన పెట్టెలలో నుంచి బలము తగ్గింతురు, లేనిచో గింజను వెలికి నెట్టివేయును. పెట్టిన తరువాత బాలెంతరాలివలె కదలింపక కాపాడుదురు. అటుపిమ్మట వలజేబులలో అమర్చి తెప్పలక్రింద వ్రేలాడవేయుదురు. చిప్పలమీద నాచు, సున్నపు పొక్కులవంటి గుల్లపురుగులు పట్టి ఊపిరాడనీయవు గనుక మఱల మఱల పైకి తీసి గీకి కడుగవలెను. ఒకాసన్ చేతులు చూచితిమి. ఉప్పునీటికి వ్రేళ్ల కణుపులు చీలి, మానిన మచ్చలతో నున్నవి. ముత్యములు తాకు చేతులు మృదువుగా నుండునని మేమెందుకు తలపోసితిమో!

మేము పోయిననాడు కోత సాగుచుండెను. ముసలాయన తెప్పనుండి వలలు తెచ్చి పడవేయగా, ఒకాసన్‌ను మఱి యిద్దఱు పొరుగుస్త్రీలును కత్తిమొనతో చిప్పలోని కండను తెగకోసి విప్పి, మాంసము నొకవైపు, గుల్ల నొకవైపు వేయుచుండిరి. అరనిమిషమున కొకటి. మాంసమును నీటితో పెద్ద పాత్రలో వేసి యంత్రముతో చిలుకుదురు. మన యింట మజ్జిగ చిలికిన వెన్న పైకి తేలును. ఇచట పనికిరానిది పైకి తేలి, సారమైనది అడుగున నిలుచును. అడుగునుండి తీసిన ముత్యములను ఉప్పుతో రుద్ది కడిగి ఒక పళ్లెరములో పోసినపుడు ముగ్గురు స్త్రీలును పని ఆపి తొంగిచూచిరి. ఎన్ని యేండ్లనుండియో చేయుచున్న పని యైనను ఆ చూపు మాత్రము అలవాటు పడలేదు. పళ్లెరములో అన్నియు ఒకటి కాదు. కొన్ని తెలుపు, కొన్ని మీగడరంగు, కొన్ని నీలివన్నె. తోక గలవి, గుంట పడినవి, పూతపట్టని వట్టి గింజలు. గింజ పెట్టిన చిప్పలలో ఇంచుమించు సగము నడుమనే పోవుననియు, మిగిలినవానిలో మేలైనవి వందకు ఏ అయిదో యనియు ఆమె చెప్పెను. నాసివానిని చౌకగా అమ్మి పేరు చెడగొట్టుచున్నారని 1932లో మికిమోటో కోబె పట్టణమున రాసులుగా పోసి కాల్పించెనట. ఇప్పటికిని ముత్యములను లోకమంతట తూచు మానము జపానువారి 'మొమ్మె'యే. అది మూడుముప్పాతిక గ్రాములు, మన తులములో మూడవవంతు కంటె తక్కువ.

చిప్పలోని కండ ఆ ప్రాంతమున ఇష్టమైన భోజ్యము, కోతనాళ్లలోనే దొఱకును. అతిథులమని మాకు వేయించి పెట్టబోగా, మా మఱదలు మేము మాంసము తినమని విన్నవించినది. ఒకాసన్ నొచ్చుకొనలేదు. ఉడికించి ఎండబెట్టిన చిలగడదుంప ముక్కలను, వేడి తేనీటిని తెచ్చి పెట్టినది. నీటమునుగు స్త్రీలు చలికి నిలుచుటకు తరతరములుగా తిన్నది ఆ దుంపయేనట. మా యెదుట గుల్లలు గుట్టగా పేరుచుండెను. అడుగక యుండలేక, ఇన్ని ప్రాణములు తీయుట మీ మనస్సుకు ఎట్లుండునని అడిగితిమి. అడిగిన వెంటనే సిగ్గుపడితిమి. ముత్యము ధరించి అడుగు ప్రశ్న కాదది. ఆమె కాషికోజిమా దిక్కు చూపి, చచ్చిన చిప్పల కొఱకు అచట ఏటేట బౌద్ధవిధిని పూజ జరిపింతుమనియు, తాను తప్పక పోవుదుననియు చెప్పినది. ఆపైన కొంతసేపు కత్తి ఆడుచునే యున్నది.

కష్టములను గూర్చి ఆమె తనంతట చెప్పలేదు, ముసలాయన చెప్పెను. 1992లో అగో అఖాతమునకు క్రొత్తరకపు ఎఱ్ఱపోటు వచ్చినది. మఱి నాలుగేండ్లకు చిప్పల కండ ఎఱ్ఱబడి చచ్చు తెగులు దేశమంతట వ్యాపించినది. 2019 వేసవిలో పిల్లచిప్పలు కుంచించుకొనిపోయి ఇచటను, ఎహిమె ప్రాంతమునను కుప్పలుగా చచ్చినవి. కారణము బిర్నావైరస్ జాతికి చెందిన సూక్ష్మక్రిమి యని శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిరి; పేరు తెలిసినంత మాత్రమున మందు దొఱకలేదు. నీరు వెచ్చనగుకొలది కీడు హెచ్చుచున్నది. "చచ్చిన చిప్పలు నోరు తెఱచుకొని యుండును. వల ఎత్తగానే ఆ బరువు చేతికి తెలియును. ఆ వేసవి ఈయన ప్రొద్దున లేచి తెప్పమీదికి పోవుటకు భయపడెడివాడు" అని ఒకాసన్ అన్నది. వారి కుమారుడు ఒసాకాలో ఉద్యోగి. రాబోవు వసంతమున ఎన్ని చిప్పలకు గింజ పెట్టెదరని అడిగితిమి. "నిరుటివానిలో సగము" అని ఆయనయు, "చూతము" అని ఆమెయు ఒక్కమాఱే పలికిరి.

ఇంతలో ఆమె చూపు మా మెడమీద నిలిచినది. మేము వేసికొనియున్నది రెండుపేటల దండ. మా పెండ్లికి మా అమ్మగారు హైదరాబాదు పత్తరుగట్టీ అంగడిలో కొని పెట్టినది. అవి బస్రా ముత్యములని దుకాణదారు చెప్పినాడనియు, అందుకే ధర హెచ్చినదనియు అమ్మ ఎందఱితోనో చెప్పుకొన్నది. అడిగినదే తడవుగా తీసి యిచ్చితిమి. ఆమె ఉత్తరపు కిటికీకడకు పోయి—ముత్యమును ఉత్తరపు వెలుతురుననే చూడవలెనట—పేటను వ్రేళ్లమధ్య దొర్లించి, రెండు పూసల నడుమ రంధ్రమును గమనించి, మఱదలితో మెల్లగా చెప్పినది. మఱదలు మా ముఖము చూచి సంకోచించినది. అవి సముద్రపువి కావు. చీనాలో చెఱువుల ఆల్చిప్పలలో పండించినవి. ఒక్కొక్క ఆల్చిప్పలో గింజ లేకయే తునకలు మాత్రము పెట్టి డజన్ల కొలది తీయుదురట. హైదరాబాదు అంగళ్లలో నేడు అమ్ముడగు వానిలో పెక్కు ఇట్టివేనని మేము తరువాత తెలిసికొంటిమి. పారశీక సముద్రమున మునిగి తెచ్చు సహజమైన ముత్యముల వ్యాపారము 1930 ప్రాంతమునుండి ఆర్థికమాంద్యముచేతను, ఈ జపాను పెంపకముచేతను కూలిపోయి, అచటి గజయీతగాండ్ర కుటుంబములు అన్నమునకు అలమటించినవి. మన తూత్తుకుడి సముద్రమునను 1961 తరువాత ముత్యపువేట సాగలేదు. అచటనే 1973లో అలగరుస్వామిగారు మన చిప్పలలోను గుండ్రని ముత్యమును పండించి చూపిరి. బస్రా పేరు మాత్రము అంగళ్లలో నిలిచియున్నది.

మా ముఖము చిన్నబోయినట్లు ఒకాసన్ కనిపెట్టినది. దండను రెండుచేతులతో మాకు అందించుచు, "ఇవియు నిజమైన ముత్యములే. ఇందులోను ఎవరో కత్తి పట్టి, తల వంచుకొని పెట్టినదే" అన్నది. పిమ్మట నీటితొట్టిలోనుండి ఒక చిప్పను మమ్ము ఎన్నుకొమ్మని, కత్తి మాచేతి కిచ్చినది. మాకు చేయి ఆడలేదు. ఆమెయే తెఱచినది. లోపల బటానీగింజకు కొంచెము చిన్నగా, ఒక ప్రక్క గుంటపడిన నీలిఛాయ ముత్యము. ధర అడిగినను చెప్పక, దూదిలో చుట్టి మా మఱదలి సంచిలో వేసినది. పడవ కదలునపుడు ఆమె వంగి నమస్కరించి, మేము చాల దూరము పోకముందే తొడుగులు తొడుగుకొని మఱల పీటమీద కూర్చున్నది.

ఇల్లు చేరగానే అమ్మ దండను విప్పి చూచి, "అచటివారు దీనిని చూచిరా? ఏమనిరి?" అని యడిగినది.

"నిజమైన ముత్యములే యనిరమ్మా" అంటిమి.

అమ్మ దానిని పసుపుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టినది. ఆ గుంటపడిన ముత్యమును ప్రక్కనే పెట్టితిమి. కంసాలి దానికి రంధ్రము వేసెదనని రెండుమాఱులు కబురంపినాడు, మేమింకను పంపలేదు.